తన ఒంటికి సరిపడా తొర్ర

ఆ అడవిలో ఎవరికి గూడు కావాలన్నా వడ్రంగి పిట్టే చెట్టు తొలిచి పెట్టాలి. కాదనడం దానికి చేతకాదు. ముక్కు వాచినా, తల దిమ్మెక్కినా "ఈ ఒక్కటీ అయ్యాక పడుకుంటా" అనుకునేది.

ఒకనాడు జడివాన కురిసింది. సొంత గూడంటూ లేని వడ్రంగి పిట్ట మాను పట్టుకుని తడుస్తోంది. అది తొలిచిన తొర్రలోంచే చిలుక తొంగిచూసి, "బావా, లోపల ఇరుగ్గా ఉంది. వాన వెలిశాక వెడల్పు చేసిపెట్టు" అంది.

వాన వెలిసింది. వడ్రంగి పిట్ట తన ఒంటికి సరిపడా ఓ తొర్ర తొలుచుకుని, రెండు రోజులు ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.

మూడోనాడు చిలుక వచ్చింది. "నా పనెప్పుడు బావా?"

"ముక్కు వాపు తగ్గాక."

"అయితే అందాకా నీతోనే ఉంటా. గుమ్మం కాస్త పెద్దది చెయ్యి, దూరలేకపోతున్నా."

"నువ్వు దూరకూడదనే ఇంత చిన్నది చేశా" అని వడ్రంగి పిట్ట అటు తిరిగి పడుకుంది.