ఓడ దిగిన కూజా

“నకిలీదని చెప్పండి. అంతే చాలు.”

వంటింటి తలుపు ఓరగా వేసి, తల్లి గొంతు తగ్గించి అంది. పాత వస్తువుల నిపుణుడు మంచినీళ్ళ గ్లాసు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆయన్ని పిలిపించింది ఆమె కొడుకులిద్దరూ. ఈ మధ్య వాళ్ళు ఒక్క మాట మీద చేసిన పని ఇంకేదీ లేదు.

“అసలుదైతేనో?”

“అసలుదేనండీ. అందుకే కదా ఈ గొడవంతా. పెద్దవాడు అమ్మేద్దామంటాడు. చిన్నవాడు నాన్న గుర్తు, నాకే కావాలంటాడు. కింద వాటాలో వాడు, పైన వీడు. మెట్ల మీద ఎదురుపడితే చెరో గోడకేసి చూస్తారు. మొన్న పెద్దవాడికి జ్వరమొస్తే చిన్నవాడికి పక్కింటివాళ్ళు చెప్పాల్సొచ్చింది. నేనుండగానే వీళ్ళు మాట్లాడుకోవాలి. పాపమంటూ ఉంటే నాకే రానివ్వండి.”

“ముందు చూడనివ్వండమ్మా,” అన్నాడాయన.

కూజా ముందుగదిలో బల్ల మీద ఉంది. మోచేతి ఎత్తు కంచు కూజా. నీలం పూత మీద ఎర్ర తామరలు, ఒక్కో రేకు చుట్టూ సన్నటి రాగి తీగ. తండ్రి ఓడలో ఇంజన్ గదిలో పనిచేసే రోజుల్లో ఏదో చైనా రేవులో కొన్నాడు. పని లేనప్పుడల్లా ఒళ్ళో పెట్టుకుని, గుడ్డ చుట్టి, పసిబిడ్డలా తెచ్చాడట. భార్యకు ఆయన ఇచ్చిన మొదటి కానుక అది.

నిపుణుడు భూతద్దం తీశాడు. పూత మీద గోటితో మెల్లగా గీరాడు. బోర్లించి అడుగు చూశాడు, మళ్ళీ తిప్పి తీగలు చూశాడు. మళ్ళీ మొదటినుంచీ అంతా చూశాడు. ఒకసారి తలెత్తి తల్లివైపు చూశాడు. ఆమె కళ్ళతోనే బతిమాలింది.

“ఏమండీ, అది మీతో ఏమన్నా మాట్లాడుతోందా?” అన్నాడు పెద్దవాడు.

నిపుణుడు భూతద్దం మడిచాడు. “ఇది పాతది కాదు.”

“సరిగ్గా చూశారా?” చిన్నవాడు బల్ల దగ్గరికి జరిగాడు.

“మీరూ చూడండి. పాతకాలంలో గాజుపొడి చేత్తో నూరి, తీగల మధ్య నింపి కాల్చేవాళ్ళు. ఎంత పనివాడైనా సూదిమొనంత బెజ్జాలు మిగిలేవి. ఇది అద్దంలా ఉంది. తీగలన్నీ మరలో లాగినట్టు ఒకే మందం. అడుగున ఈ అరుగుదల ఆకురాయితో చేసింది. రేవుల్లో ఓడవాళ్ళకి అంటగట్టే సరుకు.”

తలుపు పట్టుకుని నిలబడ్డ తల్లి ఊపిరి వదిలింది. ఇంత నమ్మకంగా చెబుతాడని ఆమె అనుకోలేదు.

ముందు పెద్దవాడే నవ్వబోయాడు. నవ్వు సరిగ్గా రాలేదు.

“నాన్నకి బేరం ఎప్పుడు చేతనయింది గనక.”

“చెప్పులు కొనుక్కొచ్చాడు, గుర్తుందా? రెండూ ఎడమవే,” అన్నాడు చిన్నవాడు, నేలకేసి చూస్తూ.

“తిరిగివ్వడానికి మొహమాటం. అరిగిపోయేదాకా అవే తొడిగాడు.”

ఈసారి ఇద్దరికీ నవ్వొచ్చింది. చిన్నవాడు కళ్ళు తుడుచుకుని కూజాని తల్లివైపు జరిపాడు.

“నీ దగ్గరే ఉండనీ అమ్మా.” తర్వాత అన్నవైపు తిరిగాడు. “జ్వరం తగ్గిందా అన్నయ్యా?”

“తగ్గింది. కిందికి రారా, టీ తాగి వెళ్దువుగాని.”

తల్లి నిపుణుణ్ణి గేటుదాకా సాగనంపింది.

“మీ మేలు మరిచిపోను. ఒక్క క్షణం నేనే నమ్మేశానంటే నమ్మండి. గుండె జారిపోయింది. ఆయన ఎంత మురిసిపోతూ నా చేతిలో పెట్టారో.” ఆమె వెనక్కి తిరిగి చూసుకుంది. “ఇప్పుడు వాళ్ళు లేరు కదా. అది నిజంగా ఎంత పాతదండీ?”

ఆయన సంచీ ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

“మూడొందల ఏళ్ళ పైమాటేనమ్మా. మీవారిది మంచి చూపు.”

“నాకు తెలుసు,” అందామె.

ఆ ఇంట్లో ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే.