గ్రేస్ ఒప్పుకోలేదు

“ఒక్క మాట గ్రేసక్కా. ‘తప్పు ఒప్పుకుంటున్న’ అను, చాలు. జరిమానా కట్టి అన్నం యాళ్లకు ఇంట్ల ఉంటవు.”

“నేననను సారు.”

నల్లగొండ కోర్టు వరండాలో వకీలు దశరథ్ తల పట్టుకున్నాడు. ఫీజు ఇచ్చుకోలేని వాళ్లకు సర్కారు ఏర్పాటు చేసే వకీలు అతను. ఆ రోజు లోక్ అదాలత్. చిన్నాచితకా కేసులన్నీ సాయంత్రంలోగా తేల్చేయాలని కోర్టంతా హడావిడిగా ఉంది. అలాంటి రోజున గ్రేస్ మాత్రం మెట్టు దిగనంటోంది.

చిట్యాల దగ్గరి ఒక మందుల ఫ్యాక్టరీలో ఆమె ప్యాకింగ్ పని చేస్తుంది. సూపర్‌వైజర్ లింగస్వామిని గోదాములో కొట్టిందని ఆమె మీద కేసు. కొడుతుండగా చూసిన వాళ్లెవరూ లేరు. అయినా ఆమెను పనిలోంచి ఆపేశారు. ఇద్దరు ఆడపిల్లల చదువు ఆ జీతం మీదే నడుస్తోంది.

“జర ఇనక్కా. ఒప్పుకోకుంటే విచారణ నడుస్తది. ఏండ్లకేండ్లు తిరగాలె. ఓడితే జైలు గూడ పడొచ్చు.”

“పడనీ.”

దశరథ్‌కు ఒక జబ్బు ఉంది. తీరిక దొరికితే ఫోనులో అమెరికా కోర్టుల వీడియోలు చూస్తాడు. మనిషి దొరికితే ఆ పాఠం అప్పజెప్తాడు. ఇప్పుడు పాపం గ్రేస్ దొరికింది.

“గంత పెద్ద అమెరికాల గూడ, శిక్ష పడ్డోళ్లల్ల వందకు తొంభై మంది విచారణ దాక పోరక్కా. కేసు నడిపే సర్కారు వకీలు, ముద్దాయి వకీలు కూసొని బేరమాడుకుంటరు. ఒప్పుకుంటే శిక్ష తగ్గుతది. గా సర్కారు వకీలును గూడ శానా జాగలల్ల ఓట్లేసి గెలిపిస్తరు, తెలుసా?”

“వకీలుకు ఓట్లా? ఇంటింటికి తిరిగి దండం పెడతడా?” గ్రేస్‌కు నవ్వొచ్చింది. “మరి ఒప్పుకోనోళ్లను ఏం జేస్తరు?”

“పెద్ద కేసైతే పన్నెండు మంది మామూలు జనాన్ని కూసోబెడతరు. డ్రైవర్లు, టీచర్లు, కూలీలు, ఎవలైనా. తప్పు జేసిండా లేదా అన్నది వాళ్లే చెప్తరు. కొన్ని రాష్ట్రాలల్ల కేసు పేరే గట్లుంటది. ప్రజలు ఒక దిక్కు, ముద్దాయి ఒక దిక్కు.”

“అంటే నా మీద ప్రజలు కేసు పెడతరా? ఏ ప్రజలు? మా ప్యాకింగ్ ఆడోళ్లను అడుగు పో, ఎవలు పెడతరో చూస్త!”

“అది అమెరికాల అక్కా. మనకాడ పన్నెండు మంది ఉండరు. మేజిస్ట్రేటు మేడమొక్కతే.”

“మేడమే ఇననీ. ఇననీకే గద గా కుర్చీల కూసున్నది.”

అంతలో విజేందర్ వచ్చాడు. లింగస్వామికి బామ్మర్ది. ఇస్త్రీ చొక్కా, చేతిలో కారు తాళాలు, ముఖాన పెద్దమనిషి నవ్వు.

“ఏం గ్రేస్, మంచిమాటతోని చెప్తున్న. ఒప్పుకో. జరిమానా మా బావనే కడతనన్నడు. రేపటి సంది డ్యూటీకి రా. లేదంటవా, చిట్యాల రోడ్డు పొడుగున ఏ కంపెనీ గేటూ నీకు తెరువదు.”

గ్రేస్ లేచి నిలబడింది.

“గేట్లన్ని మూసుకొమ్మను. నేను పత్తి ఏరుకొని బతుకుత. ఒప్పుకోను, పో!”

వరండాలో జనమంతా ఇటు తిరిగారు. పెద్దమనిషి నవ్వు ఎటుపోయిందో పోయింది. దశరథ్‌కు సిగ్గేసింది. చేయని తప్పును ఒప్పుకోమని ఇంతసేపూ తాను బతిమాలింది ఈ మనిషినా? ఆ క్షణంలో అతనికి తన మీద తనకే కోపం వచ్చింది.

లోపలి నుంచి గ్రేస్ పేరు పిలిచారు.

“లింగస్వామిని కొట్టావని నీ మీద అభియోగం,” అన్నది మేజిస్ట్రేటు. “తప్పు ఒప్పుకుంటున్నావా, విచారణ కోరుకుంటున్నావా?”

“విచారణే చెయ్యుండ్రి మేడం.”

“ఆలోచించుకొనే చెప్తున్నావా?”

“ఆలోచించుకొనే ఇంట్లనుంచి బయలెల్లిన.”

మేజిస్ట్రేటు ఫైలులో రాసుకొని, సాక్ష్యం చెప్పడానికి రమ్మని లింగస్వామికి సమన్లు పంపమన్నది. విజేందర్ ఫోను చెవికి పెట్టుకొని బయటికి పరుగెత్తాడు.

దశరథ్ ఛాతీ ఉబ్బింది. వరండాలోకి రాగానే గ్రేస్‌కు రెండు చేతులూ జోడించాడు.

“శభాషక్కా! చెయ్యని తప్పుకు తల వంచలే నువ్వు. గా లింగస్వామిని బోనుల ఉతికి ఆరేస్త. నువ్వాయన మీద చెయ్యే ఎత్తలేదని రుజువు చేస్త!”

గ్రేస్ అతన్ని వింతగా చూసింది.

“ఎత్తకపోవుడేంది సారు? చెప్పు తెగేదాక కొట్టిన. గోదాముకు నన్నొక్కదాన్నే ఎందుకు పిలిచిండు, చెయ్యి ఏడ ఏసిండు, ఎన్ని చెప్పుదెబ్బలు తిన్నడు... మీరు ఒక్కొక్కటి అడగాలె, మా ఆడోళ్లందరు ఇనంగ గా బోనుల నిలబడి ఆయన నోటితోని ఆయనే చెప్పాలె!”