ఆటలో ఫస్టు

ఇప్పుడు పిల్లలు ఇంట్లో ఎలా ఆడుతున్నారో బడివాళ్లు గోడకు బిగించిన కన్ను చూస్తుంది. చేతివేళ్ల పని, మాట, లెక్క, కలుపుగోలుతనం, నాలుగూ ఆటలో కనిపిస్తేనే బడిలో సీటు. నాలుగేళ్ల మా శ్రుతిక మాత్రం రోజంతా చీమలబారు చూస్తూ కూర్చుంటుంది.

కన్ను చూసే ఆఖరి రోజు భయమేసి, నేర్పుదామని నేనే నేలమీద కూర్చున్నాను. టైల్స్ మేస్త్రీని కదా, మిగిలిన ముక్కలతో ఇల్లు కట్టి లెక్కపెట్టాను. బొమ్మకు బువ్వ పెట్టి జోల పాడాను.

“నువ్వూ రా బిడ్డా!”

“నువ్వాడుకో నాయినా. నేను చీమలకు కావలున్న.”

మర్నాడు బడి మేడమ్ వచ్చింది. “ఓదెలు గారూ, సీటు మీకొచ్చింది. నాలుగు అంశాల్ల మీరే ఫస్టు.”

“నాకు నలభై ఏడేండ్లు మేడమ్!”

“కన్ను వయసు చూడదండీ, ఆట చూస్తది. మీరు రాకుంటే పాపకు ఎన్నటికీ సీటుండదు.”

సోమవారం బడి గేటు పట్టుకుని అక్కడే ఆగిపోయాను. ఆడుకుంటున్నానని ఐదో తరగతిలో నన్ను తన్ని తరిమిన బడి ఇదే.

శ్రుతిక టిఫిన్ డబ్బా నా చేతిలో పెట్టింది.

“ఏడ్వకు నాయినా. బడి విడిచినంక నేనొచ్చి తోల్కపోత.”