బోర్డింగ్ వారి అబ్బాయి

"బి. కిరణ్ పాల్. బి అంటే ఏంది భయ్?" అని అడిగాడు రవీందర్.

"బోర్డింగ్."

రాయదుర్గం ఆఫీసు క్యాంటీనులో టీ తాగుతున్న నలుగురూ నవ్వారు. కిరణ్ నవ్వలేదు. అతను చెప్పింది నిజమే మరి. అతని తండ్రి ప్రభుదాస్‌ని పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఎవరో గుంటూరు దగ్గర మిషన్ బోర్డింగు వరండాలో వదిలిపోయారు. బళ్ళో వేసే రోజున ఇంటిపేరు ఏం రాయాలో తోచక పంతులుగారు 'బోర్డింగ్' అని రాసేశారు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని సామెత. వీళ్ళింట్లో కంపు లేదు గానీ, ఆ కస్తూరి మాత్రం లేకపోయింది.

ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. ఎవరు లోకల్, ఎవరు కాదన్న వాదన ప్రతి టేబుల్ దగ్గరా నడుస్తోంది. గుంటూరు అన్నాక ఇంకేముంది, ఆంధ్రోళ్ళే అని రవీందర్ తేల్చేశాడు. ఆ మాటకు కిరణ్ బాధపడలేదు. అవుననడానికీ కాదనడానికీ తన దగ్గర ఆధారం లేదే అని బాధపడ్డాడు. ఏ కాగితం నింపినా ఇంటిపేరు దగ్గర తండ్రి చెయ్యి ఆగిపోవడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడు. ఆయన బతికుండగానే ఆ పేరేదో కనిపెట్టి తీరాలని ఆ రోజే నిశ్చయించుకున్నాడు.

డీఎన్ఏ పరీక్ష సంగతి నెట్‌లో చదివాడు. బుగ్గ లోపల పుల్లతో రుద్ది పంపితే చాలు. తండ్రి నుంచి కొడుక్కి మారకుండా దిగే గుర్తు ఒకటుంటుందట. అదే గుర్తున్న మగవాళ్ళ పేర్లు వాళ్ళు పంపిస్తారట.

ప్రగతి నగర్ ఇంట్లో ఈ మాట ఎత్తగానే ప్రభుదాస్ వద్దన్నాడు. రెండోసారి అడిగితే విసుక్కున్నాడు. మూడోసారి భోజనం మధ్యలో లేచిపోయాడు.

"మీరివ్వకపోయినా ఫరవాలేదు నాన్నా. మీకూ నాకూ గుర్తు ఒకటే. నాది చాలు," అన్నాడు కిరణ్.

ప్రభుదాస్ ఏదో చెప్పబోయి, భార్య లీదియా ఫొటో వైపు చూసి ఊరుకున్నాడు. ఆవిడ పోయి మూడేళ్ళయింది.

ఎనిమిది నెలల పాటు ఒక్క తెలుగు పేరూ తగల్లేదు. కిరణ్‌ది ఉడుంపట్టు. రోజూ పొద్దున్నే చూసుకునేవాడు. చివరికి బెంగళూరులో చదువుకుంటున్న దొంతి ఇంటి కుర్రాడొకడు తేలాడు. తనకేమీ తెలియదనీ, మియాపూర్ డిపోలో డ్రైవరుగా ఉన్న పెదనాన్న వీరేశాన్ని అడగమనీ జవాబిచ్చాడు.

అప్పటికి సకల జనుల సమ్మె మొదలైంది. బస్సుల్లేవు. కిరణ్ నడిచే వెళ్ళి సమ్మె టెంటులో వీరేశం ముందు కూర్చున్నాడు.

"లోకలేనా?" అన్నాడు వీరేశం అనుమానంగా.

"అది తేల్చుకుందామనే వచ్చాను."

ఆ జవాబు వీరేశానికి నచ్చింది. పుల్ల తీసుకుని బుగ్గలో రుద్దిచ్చాడు. కిరణ్ కథంతా విన్నాక ఓ పాత ముచ్చట గుర్తు చేసుకున్నాడు.

"మా తాత తమ్ముడొకడు గుంటూరు దిక్కు కాల్వ పనికి పోయిండంట. మల్ల రాలే."

కిరణ్ ఆ మాట వెంటనే కాగితం మీద రాసుకున్నాడు.

ఫలితం క్రిస్మస్ ముందర వచ్చింది. వీరేశానికీ తనకూ గుర్తులన్నీ అచ్చంగా ఒకటే. రవీందర్ ఆఫీసంతా మిఠాయి పంచి, నువ్వు మావోడివేనని భుజం తట్టాడు. కిరణ్ సగం పూట సెలవు పెట్టి ఇంటికి పరుగెత్తాడు.

"నాన్నా, మన ఇంటిపేరు దొరికింది. దొంతి. ఇకమీదట మీరు దొంతి ప్రభుదాస్. వాళ్ళ తాత తమ్ముడు గుంటూరు వైపు వచ్చాడట. ఆయనే మీ నాన్న అయ్యుంటాడు."

"వాళ్ళది ఏ ఊరు?" అని మెల్లగా అడిగాడు ప్రభుదాస్.

కిరణ్ చెప్పాడు. పటాన్‌చెరు అవతల చిన్న ఊరు.

"మీరు కాంపౌండరుగా, అమ్మ నర్సుగా చేసిన మిషన్ దవాఖానకి రెండు మైళ్ళే. నేను పుట్టిందీ అక్కడే కదా. సొంత ఊరి పక్కనే అన్నేళ్ళుండీ కనుక్కోలేకపోయారు చూడండి," అని నవ్వాడు కిరణ్.

ప్రభుదాస్ నవ్వలేదు. కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు. ఒకనాటి పొద్దున్నే ఆ దవాఖాన వరండాలోంచి లీదియా ఎత్తుకొచ్చిన పసిగుడ్డు చేతులవి.

"మనది కాదురా నాన్నా, నీది."