ఆదివారం ఉగ్గాని

నిన్న ప్రొద్దుటూరు మీటింగులో మా నాయకుడూ వాళ్ళ నాయకుడూ ఒకే పార్టీ కండువా కప్పుకున్నారు. పన్నెండేండ్లు బాంబులేసుకున్నోళ్ళు ఒకరి నోట్లో ఒకరు లడ్డు పెట్టుకున్నారు! పేపర్ల నిండా అదే రచ్చ.

ఆ రచ్చతో నాకేం పని? నాకు దక్కిన లాభం ఒకటే. ఇంక రోడ్డు దాటి, మహమూదా హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినొచ్చు.

మా ఊర్లో రోడ్డుకు ఈ పక్క మా పార్టీ, ఆ పక్క వాళ్ళ పార్టీ. దాటితే కాళ్ళు ఇరగ్గొట్టేటోళ్ళు. చర్చి ఆ పక్కనే ఉండాది కాబట్టి, ఆదివారం ఆడోళ్ళను మాత్రం పోనిచ్చేటోళ్ళు.

ఈ పొద్దు నా భార్య రాహేలు చర్చికి పోంగానే నేనూ రోడ్డు దాటినా. మహమూదా ప్లేటు పెట్టింది. ఒక ముద్ద తిన్నా.

"ఏంది మహమూదా, అచ్చం మా రాహేలు ఆదివారం పూట చేసినట్లే ఉండాదే! దీనికోసమా నేను ఇన్నేండ్లు నోరు కట్టుకునింది?"

ఆమె నవ్వుకుంటా గూట్లోనుంచి ఒక స్టీలు డబ్బా తీసి నా ముందర పెట్టింది. మూత మీద రాహేలు పేరు, నా పేరు, మా పెండ్లి తేదీ చెక్కి ఉండాయి.

"అక్క పోతా డబ్బా ఇచ్చిపోతాది, వస్తా నింపుకొని పోతాదిన్నా. బైబిలు సంచిలో ఎవురు చూస్తారు?"

ప్లేటు పక్కకు జరిపి రోడ్డు వైపు చూసినా.

పన్నెండేండ్లు ఆ రోడ్డు మీద కట్టె పట్టుకుని కాపలా కూర్చునింది నేను. ప్రతి ఆదివారం ఆ సంచి చూసి, "నా కోసరం కూడా ప్రార్థన చెయ్ మే" అని దారి ఇచ్చిందీ నేనే.