బరువు ఫ్లైవీలు

క్వారీ కూలీలను తిప్పే పేరయ్య జీపుకు మెకానిక్ కరీముల్లా వేరే ఇంజన్ ఎక్కించాడు. గేర్‌బాక్సు మాత్రం పాతదే. ఆ రెండింటి మధ్య తిరిగే ఇనుప చక్రం, ఫ్లైవీలు, ఇంకా బిగించాలి. పొద్దుటి నుంచి పేరయ్య పిడుగురాళ్లలోని అతని షెడ్డులో కుదురుగా కూర్చోలేదు.

"ఇంకెంతసేపురా?"

"ఈ రెండు ఫ్లైవీళ్లూ సరిపోతయి మావా. తేలికది వేస్తే బండి చటుక్కున స్పీడు అందుకుంటది. బరువుది చానా నిదానం. నీ తొందరకు తేలికదే కరెక్టు," అని నవ్వాడు కరీముల్లా.

"క్లచ్ సరిగా వదలకపోతే దేనికి ఇంజన్ ఆగిపోద్ది?"

"తేలికదానికే. ముప్పై ఏళ్ల డ్రైవరువి, నీకేంది భయం?"

పేరయ్య వంగి, బరువైన చక్రాన్ని రెండు చేతులతో తడిమి చూశాడు.

"ఇదే వెయ్యి. సాయంత్రానికి బండి కావాల."

"రేపిస్తే ఏమైద్ది?"

"మీ అత్తకు డ్రైవింగ్ నేర్పాలిరా. ఇకమీదట కూలీలను తిప్పేది ఆమే. నా కళ్లకు రోడ్డు కనపడేది ఇంకో నెలేనన్నాడు డాక్టరు."

కరీముల్లా బరువు ఫ్లైవీలు ఎత్తుకుని జీపు కిందికి దూరాడు.