పంటి సిమెంటు పూసిన గిటారు

వీధి చివర జిరాక్స్ షాపు తలుపుకి కాగితం అంటించి ఇంటికొచ్చి ఇంకా చెప్పులు విప్పలేదు, తలుపు చప్పుడైంది.

ఆ కాగితం మీద ఇంటి నంబరు కాక ఉన్నది రెండే ముక్కలు. వాడిన ఎలక్ట్రిక్ గిటారు అమ్మబడును. ఏ మార్పులూ చేయలేదు.

మొదటి ముక్క నిజం.

రాసినతను కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. పళ్ళు అరగదీసే చిన్న మిషను ఇంట్లోనూ ఒకటి పెట్టుకున్నాడు. చేతిలో మిషనుంటే మనిషికి ఊరికే కూర్చోబుద్ధి కాదు. గిటారు పొట్ట తెరిచి, తీగల చప్పుడు పట్టుకునే పాత పికప్‌లు పీకేసి, వాటికి రెట్టింపు బలమున్నవి బిగించాడు. మోత చాలలేదనిపించి ఇంకో స్విచ్చి పెట్టాలనుకున్నాడు. బెజ్జం తప్పు చోట పడింది. వెనకవైపు, వేలికి తప్ప కంటికి అందని చోట రెండోది వేశాడు. మొదటి దానిలో పంటి సిమెంటు కూరి, రంగేసి, మెరుగు పెట్టాడు. పుచ్చిపన్ను పూడ్చినంత శ్రద్ధగా పూడ్చాడు.

గుమ్మంలో నిలబడ్డ మనిషికి యాభై దాటి ఉంటాయి. గడియారాలు బాగుచేస్తానని చెప్పాడు. పని మధ్యలో లేచొచ్చినట్టున్నాడు, కంటికి తగిలించుకునే భూతద్దం ఇంకా మెడలోనే వేలాడుతోంది. దాన్ని చూడగానే పళ్ళతను జాగ్రత్తపడ్డాడు. కుర్చీని వెలుతురు తక్కువున్న మూలకి లాగి, కూర్చోమన్నాడు.

భూతద్దం జోలికే పోలేదాయన. గిటారుని తాకనైనా తాకలేదు. ఒకసారి వాయించమన్నాడు. పళ్ళతను మెల్లగా, మర్యాదగా నాలుగు తీగలు మీటాడు.

"ఇలా కాదు బాబూ. మీరు రోజూ ఎలా వాయిస్తారో అలా."

రోజూ వాయించేలాగే వాయించాడు. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు. అర నిమిషం గడిచిందో లేదో చెయ్యెత్తాడు.

"చాలు. ఇదే కావాలి నాకు. దీని గొంతు ఈ మధ్యే మారింది కదూ?"

పళ్ళతను తీగల మీంచి చెయ్యి తీసేశాడు. భూతద్దానికి దొరకనిది చెవికి దొరికింది. ఈయనెవరో మామూలు మనిషి కాదనుకున్నాడు. అబ్బే, ఏం మార్చలేదంకుల్ అని గొణిగాడు.

అప్పటికి అతని భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడకిప్పుడు ఐదో నెల. ఈ గదిలో ఉయ్యాల ఉండాలో గిటారు ఉండాలో తేల్చుకోమని మొగుడికి గడువు పెట్టింది ఆవిడే. గిటారు ఎవరి కోసమని అడిగింది.

మా అమ్మాయి కోసం అన్నాడాయన. సోమవారం నుంచి పరీక్షలట. పోయినేడు రెండింట్లో పోయిందట. ఈసారీ పోతే చదువు మానేస్తానని పంతం పట్టి కూర్చుందట.

"బుర్ర లేక కాదమ్మా. ఈ ఒక్కసారికి గట్టెక్కితే దాని దారి అది చూసుకుంటుంది. ఇవాళ ఈ గిటారు నా చేతికి రావాలి, అంతే."

ఆవిడ మనసు కరిగిపోయింది. కూతురు చదవడానికి ఏం కావాలంటే అది తెచ్చిపెట్టే తండ్రి. మొగుడి వైపు తిరిగింది.

"ఆడపిల్ల ముచ్చటపడి వాడుకునే వస్తువండీ. ఉన్నదున్నట్టు చెప్పండి. నోట్లో కూడా సిమెంటు కూరుకున్నారా ఏంటి?"

ఇక తప్పలేదు. పికప్‌ల సంగతి చెప్పాడు. పూడ్చిన బెజ్జం చూపించాడు. చివరికి వెనక స్విచ్చి సంగతీ బయటపెట్టాడు. అది నొక్కమన్నాడు పెద్దాయన. నొక్కి మీటేసరికి కిటికీ అద్దాలు గలగలలాడాయి, వంటింట్లో గరిటె కింద పడింది.

"అదా సంగతి" అని నెమ్మదిగా తలూపాడాయన.

ఇన్ని అతుకులున్నాయి కాబట్టి ధర తగ్గిస్తానన్నాడు పళ్ళతను. ఒక్క రూపాయి తగ్గించినా ఒప్పుకోనన్నాడు పెద్దాయన. తగ్గిస్తే రేపు మనసు మార్చుకుంటారని భయమట. మళ్ళీ ఇంకో గిటారు కొనే ఉద్దేశం ఉందా అని అడిగాడు. గిటారు కాదంకుల్, ఉయ్యాల కొనాలి అన్నాడు పళ్ళతను. పెద్దాయన ఆవిడకి ఎన్నో నెలో కనుక్కుని, వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని, శుభం అన్నాడు.

మూలనున్న స్పీకరు పెట్టె మీద పడింది ఆయన చూపు. అది అమ్మకానికి కాదన్నాడు పళ్ళతను.

"రెండూ ఇచ్చెయ్యండి బాబూ. ఒకటుంటే రెండోది ఎక్కణ్ణుంచో వచ్చి చేరుతుంది."

నిజమే, పెట్టె లేకుండా పాపం ఆ పిల్ల ఎలా వాయిస్తుంది అనుకున్నాడు. అదీ ఇచ్చేశాడు. ఇంత చెవి ఉన్న తండ్రికి పుట్టిన పిల్ల ఎంత బాగా వాయిస్తుందో అనిపించి, పరీక్షలయ్యాక ఆదివారాలు వచ్చి ఊరికే నేర్పుతానన్నాడు.

"వద్దు" అన్నాడాయన. వచ్చినప్పటి నుంచి గొంతు పెంచింది ఆ ఒక్కసారే. వెంటనే సర్దుకుని, మీకెందుకు బాబూ శ్రమ అన్నాడు. ఇంటిదాకా మోసుకొస్తానన్నా ఒప్పుకోలేదు. దగ్గరే అన్నాడు.

మొగుడూ పెళ్ళాం గుమ్మంలో నిలబడి ఆయన వెళ్ళినవైపే చూశారు. తండ్రంటే అలా ఉండాలండీ అంది ఆవిడ.

పెద్దాయన గిటారు భుజాన, పెట్టె చేత పట్టుకుని, ఆయాసపడుతూ వీధి చివరిదాకా నడిచి, మలుపు తిరిగి, వెనక వీధిలోని తన ఇంట్లోకి వెళ్ళి, పళ్ళతని గది గోడకి సరిగ్గా అవతలి పక్క పుస్తకం ముందు కూర్చున్న కూతురి చెవుల్లోంచి దూది తీసేసి, "ఇక చదువుకో తల్లీ" అన్నాడు.